పుట్టని సొర పిల్లలు

ఫిబ్రవరి 5, బుధవారం

పాలు లేవు. ఉన్నవి చాలడం లేదని దవాఖానలో డాక్టరమ్మ మర్యాదగా చెప్పింది. బిడ్డ బరువు తగ్గింది, వచ్చే వారానికి పెరగకపోతే అడ్మిట్ చేయాలి, అప్పటిదాకా ఫార్ములా కలిపి పట్టండి అంది. అమ్మ ఆ డబ్బా వైపు చూసి, తల్లి లేని పిల్లలకు పట్టేటివి గవి, నువ్వు బతికే ఉన్నవు గదనే అన్నది.

బతికే ఉన్నాను. తలకు గుడ్డ, చెవుల్లో దూది, గది నిండా సాంబ్రాణి పొగ. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. వరంగల్ మట్టెవాడలో పుట్టింటి మేడ మీద, కట్టేసిన మేకలా కూర్చున్నాను. కింద నాన్న ఎండు చేపల దుకాణం. రోడ్డు మీద ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బండ్లు. బిడ్డ తుమ్ముతుంది, ఏడుస్తుంది, నోరు పెడుతుంది, ఏమీ రాక వదిలేసి మళ్ళీ ఏడుస్తుంది.

మహిపాల్ ఫోన్ చేశాడు. మిర్చి సీజన్, యార్డు విడిచి వచ్చేటట్టు లేదట. జర ఓపిక పట్టు యమునా అన్నాడు. మొగుళ్ళందరికీ ఈ ఒక్క ముక్క ఎవరు నేర్పారో!

ఫిబ్రవరి 6

అమ్మ సొర మొదలుపెట్టింది. బాలింతకు పాలు పడాలంటే ఎండు సొర తినాలె. మా ఇంట్లో దీని మీద చర్చ లేదు, దుకాణంలో సగం బేరం బాలింతల కోసమే. నేను హార్మోన్ల గురించి ఏదో చెప్పబోయాను. నిన్ను కన్నప్పుడు సొర తిని కుండెడు పాలిచ్చిన, నీ హార్మోన్లు ఎన్ని ఇచ్చినయి అన్నది.

ఇంకో రూలు కూడా ఉంది. బాలింత పొయ్యి దగ్గరికి పోవద్దు, వండేది చూడొద్దు, ఏం కూర అని అడగొద్దు. అడిగితే పాలు అలుగుతాయట. ఇరవై ఒకటో రోజు దాకా పళ్ళెంలో ఏది పడితే అది తినాలి. తిన్నాను. వెల్లుల్లి, మిరియాలు బాగా దట్టించింది. మెత్తగా ఉంది, ముల్లన్నదే లేదు. అబద్ధమెందుకు, రుచిగానే ఉంది.

ఫిబ్రవరి 9

పాలు లేవు. డబ్బా పాలు కలిపి పట్టాను. బిడ్డా నేనూ ఇద్దరం ఏడ్చాం.

ఫిబ్రవరి 11, పొద్దున

అమ్మ దుకాణంలోకి దిగింది. ఫ్లాస్కులో వేడినీళ్ళు అయిపోయాయి. పాలు అలిగితే అలగనీ, ఇప్పుడేమన్నా వరదలై పారుతున్నాయా అనుకుంటూ వంటింట్లోకి పోయాను.

చాటలో ఒక తల. చేప తలే, కానీ ముక్కు ముందుకు పొడుచుకుని వచ్చి, రెండు వైపులా పళ్ళతో అచ్చం రంపం! ఓరి దేవుడా అని అక్కడే గోడకు ఆనుకున్నాను. రంపపు చేప. వన్యప్రాణి చట్టంలో పులి పక్కన ఉండే చేప. ఇది మా దుకాణంలో దొరికిందంటే నాన్నకు జైలే. పోలీసు జీపు, నడిబజారు, పేపర్లో నాన్న ఫోటో, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

తర్వాత మెల్లగా నాలో లెక్చరర్ నిద్ర లేచింది. ముక్కు మధ్యలో రెండు మీసాలు, ఎండిన దారపు పోగుల్లా. రంపపు చేపకు మీసాలుండవు. మొప్పల చీలికలు కింద కాదు, పక్కన ఉన్నాయి. అంటే ఇది రంపపు చేప కాదు. సాషార్క్, రంపం సొర. సిలబస్‌లో ఒక్క లైను. బోర్డు మీద బొమ్మ వేయడమే తప్ప నేనెప్పుడూ చూడలేదు, నాకు చెప్పిన సార్లూ చూడలేదు. వందల మీటర్ల లోతులో, ఎండ చొరబడని నీళ్ళలో, మీసాలతో అడుగు తడుముకుంటూ బతికే జీవి. అది వరంగల్‌లో మా అమ్మ చాటలో ఉంది!

ఫోటోలు తీసి చైతన్యకు పంపాను. ఎమ్మెస్సీలో నా క్లాస్‌మేట్. ఇప్పుడు కొచ్చిలో లోతు నీళ్ళ చేపల మీద పని చేస్తాడు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

వరసగా ఫోన్లు. ఎక్కడిది, ఎక్కడిది అని ఒకటే ప్రశ్న. నాన్నను అడిగితే, కాకినాడ సేటు పంపిన కలగలుపు బస్తా, అంతకు ముందు కేరళ దిక్కు నుంచి వచ్చిందేమో, చిల్లర చేప, బస్తా కొంటే అదీ వస్తది అన్నాడు. లోతు రొయ్యల కోసం వల లాగితే దారిలో ఉన్నవాటన్నిటినీ ఊడ్చుకొస్తుందట. ఇలాంటి సొరలు మ్యూజియం సీసాల్లో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయని చైతన్య అన్నాడు. ఎన్నేళ్ళు బతుకుతుందో, ఎన్నేళ్ళకోసారి కంటుందో సరిగ్గా ఎవరికీ తెలియదట. ఒక్క ముక్క పారేసినా ఊరుకోను అన్నాడు.

ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. అమ్మను అడిగి చెప్తానన్నాను.

ఫిబ్రవరి 12

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

పెద్దది అదొక్కటే. దానితో పాటు చిన్నవి కొన్ని ఉండెనట, జానెడేసి. లేతయి, ముల్లు లేదు, పళ్ళు గుచ్చుకోవు, బాలింతకు మంచిగ అరుగుతయి అని అమ్మ ముందు వాటినే వండింది. పెద్దదాన్ని నిన్ననే కోసింది. చిన్నది ఒక్కటి మిగిలితే ఎండు చేపల డబ్బా అడుగు నుంచి తీసిచ్చింది.

ఫోన్ లైటు వేసి చూశాను. రంపానికి పళ్ళున్నాయి. కానీ లేచి లేవు. అన్నీ వెనక్కి పడుకుని, ముక్కుకు అతుక్కుని ఉన్నాయి. చైతన్యకు వీడియో కాల్‌లో చూపించాను. పళ్ళు ఇంకా దగ్గరగా చూపించమన్నాడు.

తర్వాత చెప్పాడు. చెప్పే పనే లేదు, నాకు తెలుసు, నేనే క్లాసులో చెప్పాను. ఈ సొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపులో ఉన్నన్నాళ్ళు పిల్లల పళ్ళు అలా పడుకునే ఉంటాయి, తల్లి కడుపు చీరుకుపోకుండా. బయటికొచ్చాకే లేచి నిలబడతాయి. అంటే ఇవి పుట్టాల్సినప్పుడు పుట్టలేదు. అంత లోతు నుంచి వలలో పైకి లాగుతుంటే ఆ బాధకు తల్లి నెలలు నిండకుండానే వదిలేసి ఉంటుంది. తల్లినీ పిల్లల్నీ కలిపి ఉప్పేసి ఎండబెట్టారు.

వాటిని నేను తిన్నాను. లొట్టలేసుకుని మరీ తిన్నాను.

బాత్‌రూంలోకి ఉరికి కక్కాను. అమ్మ వీపు రాస్తూ, ఏమైందే, ఏమైంది బిడ్డా అంటుంటే అరిచేశాను. అవి కడుపుల పిల్లలమ్మా, పుట్టకముందు పిల్లలు, అవి నాకు పెట్టినవు అని. మామూలుగా అయితే చేప చేపనే, గింత దానికి లొల్లేంది అనేది. అనలేదు. పుట్టకముందేనా అని ఒక్కసారి అడిగింది. తర్వాత అవి వండిన సత్తు గిన్నె తీసుకుపోయి, పీచు పెట్టి తోమి తోమి, డాబా మీద ఎండలో బోర్లించింది. మళ్ళీ అది వంటింట్లోకి రాలేదు.

ఫిబ్రవరి 14

పాలు పడ్డాయి.

జాకెట్టు తడిసిపోయింది. బిడ్డ గుటకలు వేస్తుంటే చప్పుడు వినపడుతోంది. ఇన్నాళ్ళు ఈ చప్పుడు కోసమే కదా చచ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తూనే ఉన్నాను, ఇంతలో ఇవి ఎక్కడి పాలు అని ఒక ఆలోచన వచ్చింది. సైన్సు ప్రకారం ఆ కూరకూ దీనికీ సంబంధం లేదు. కొందరికి ఆలస్యంగా పడతాయి, అంతే. సైన్సు ప్రకారం.

ఫిబ్రవరి 16, ఆదివారం

బక్కమ్మ పెద్దమ్మ చెవిన పడితే ఇక మైకు అక్కర్లేదు. మా వీధి చివర ఇల్లు వాళ్ళది, కోడలికి నెలలు నిండాయి. దుకాణం రాయమల్లు బిడ్డ రంపం సొర తిన్నదట, పాలు ధార కడుతున్నయట అని మట్టెవాడంతా చాటింది. పొద్దున్నుంచి దుకాణానికి ఒకరి తర్వాత ఒకరు, గదే సొర గావాలె అని. ఒకామె నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చింది. చికెన్ సెంటర్లు వచ్చినకాడి నుంచి ఈగలు తోలుకుంటున్న నాన్న ముఖం వెలిగిపోతోంది. కాకినాడ సేటుకు ఫోన్ కూడా చేశాడట, రంపం సొరలు ఎన్ని దొరికితే అన్ని ఏరి పంపమని.

మెట్లు దిగిపోయి చెప్పాను. మెల్లగా పెరిగే చేప నాన్నా, కనేదే కొన్ని పిల్లలు, ఎన్ని మిగిలినయో ఎవరికీ తెల్వదు అని. సముద్రంల చేపలకు కరువా బిడ్డా, పచ్చి ఒళ్ళుతోని మెట్లు దిగకు అన్నాడు. మహిపాల్‌కు చెప్తే, పాప మంచిగ తాగుతాంది, బరువు పెరిగింది గద, ఇగ నీ ఫికరేంది అన్నాడు. భయపడింది చైతన్య ఒక్కడే. ఇన్నాళ్ళు దాన్ని ఎవరూ పనిగట్టుకుని పట్టలేదు, చిల్లర చేపలో కలిసిపోయింది, పాల సొర అని పేరొచ్చిందంటే పడవలు దాని కోసమే వల దించుతాయి, అప్పుడిక మిగలదు అన్నాడు.

ఆ పేరు తెచ్చింది నా పాలే. వాటిని ఆపమని ఎలా మొక్కను?

ఫిబ్రవరి 17

బక్కమ్మ పెద్దమ్మ కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎట్ల తిన్నవు బిడ్డా, పులుసా, వేపుడా, ఎన్నొద్దులకు పడ్డయి అని. ముందు సైన్సు చెప్పాను. ఆవులించింది. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆ సొర తిన్నకాడి నుంచి పాపకు విరేచనాలు పెద్దమ్మా, పచ్చగ, ఆగుతనే లేవు, అది విషపు చేప అని దవాఖానల చెప్పిన్రు అని. ఇంత సాఫీగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

తల్లి తిన్నది బిడ్డకు దిగుతుందని ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. కోడలు కడుపు మీద చెయ్యి వేసుకుంది. పెద్దమ్మ, అయ్యో నా తల్లీ అంటూ చాయ్ కూడా తాగకుండా లేచింది.

సాయంత్రానికి సొర మాట ఎత్తిన మనిషి లేదు. ఇన్నేళ్ళ నా పాఠాల్లో ఒక్కటీ ఇంత దూరం పోలేదు. బేరం పోయాక నాన్న కూడా సేటుకు వద్దని చెప్పేశాడు. గెలిచాను. చైతన్య చప్పట్ల ఎమోజీలు పంపాడు.

ఫిబ్రవరి 20, ఇరవై ఒకటో రోజు

బిడ్డను తొట్టెలో వేశాం. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. పాట పాడారు, నాకు బొట్టు పెట్టారు, పాప బుగ్గలు పుణికారు. అమ్మ తెల్లారకముందే లేచి వండింది. గురువారమని మాంసం లేదు, బగారా అన్నం, వంకాయ కూర, సేమియా పాయసం. చాపలు పరిచి విస్తర్లు వేసి, కూసోన్రి, కూసోన్రి అని అందరినీ పిలిచింది.

ఒకామెకు ఉపవాసమట. ఒకామెకు కడుపులో మంచిగ లేదట. బక్కమ్మ పెద్దమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందట. ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. సొంత మనుమరాలికే విషం పెట్టిన చెయ్యి, ఆమె చేతి కూడు ఎట్ల తింటరు అని మెట్ల మీద ఎవరో అన్నారు. నాకు వినపడింది. అమ్మకూ వినపడింది.

చేప గురించి అంత ఆలోచించాను, వండిన మనిషి గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. వేసిన విస్తర్లను అమ్మ మళ్ళీ ఒక్కొక్కటే ఎత్తి, గిన్నెల మీద మూతలు పెట్టింది.

ఫిబ్రవరి 21

అబద్ధం ఆడానని అమ్మకు చెప్పేశాను. గుడ్డలు పిండుతోంది, తల కూడా ఎత్తలేదు. దాని గుడ్డలు ఉతికేది నేను, విరేచనాలు లేవని నాకు తెల్వదానే అన్నది.

బక్కమ్మ పెద్దమ్మ ఆ రోజు మెట్లు దిగుతూనే అమ్మను అడిగిందట, నీ బిడ్డ చెప్పేది నిజమేనా అని.

నిజమే, నేనే పెట్టిన అన్నదట.