మితం: సొంత వాక్యం

కోదాడ,
ఆదివారం

చి. సౌ. విమలకు,

మిర్యాలగూడలో ఉన్న నీకు, నీ ఇంటిల్లిపాదికీ అక్క దీవెనలు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు తగ్గిందా, ఇంకా దానితోనే వీధినంతా నిద్ర లేపుతున్నారా? నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో అన్నీ చెప్పలేను, ఈ ఇంటి గోడలు పల్చన. అందుకే ఉత్తరం.

కొడుకు ఇంటికి వచ్చి ఆరు వారాలైంది. ఎండ మన ఊళ్లో లాగే ఉంది. మిల్లుల ఊక దుమ్ము లేదు గానీ, దాని బదులు హైవే హారన్లున్నాయి. కోడలు శైలజ జగ్గయ్యపేట వైపు పిల్ల కదా, మాట చివర 'అండీ' పెట్టనిదే నోరు మూయదు. ఇంట్లో చక్కెర ఖర్చంతా ఆ మాటల్లోనే.

వచ్చిన కొత్తలో సూర్యాపేట డాక్టరు బీపీ చూసి, "ఉప్పు జర మితంగ వాడుండ్రి" అన్నాడు. శైలజ ఆ మాటను పట్టుకుంది. ఉప్పు దగ్గర మొదలుపెట్టి నూనె, కూర దాటి అన్నం దాకా వచ్చింది. అప్పట్నుంచీ నాకు పూటకు టీ గ్లాసుడు అన్నం. నువ్వు చింతకాయ తొక్కు పంపుతానన్నావు, పంపకు. ఇక్కడ దాని మీద విచారణ జరుగుతుంది.

"ఇంకింత పెట్టమ్మా" అంటే, "మితంగా తినమన్నారు కదండీ అత్తయ్యగారూ" అనేది.

"ఆయన చెప్పింది ఉప్పు సంగతి."

"ఏదైనా మితం మంచిదేనండీ."

నా కొడుకు రమేష్ పళ్లెంలోంచి తలెత్తడు. ఆ పళ్లెంలో మితానికి చోటు లేదు.

ఈ ఇంట్లో నాకంటూ ఉన్న మనిషి మనవరాలు హర్షిత ఒక్కతే. ఆరో తరగతి. సాయంత్రం పుస్తకాలతో వచ్చి నా మంచం మీదే కూర్చునేది. తెలుగు నోటుబుక్కు నాకు చూపించనిదే బళ్లో ఇచ్చేది కాదు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకూ ఆ మాత్రం గర్వం ఉంటుంది.

పోయిన వారం సొంత వాక్యాలు రాసుకొచ్చింది. మితం. అర్థం: తగినంత. సొంత వాక్యం: మా అమ్మ మా నానమ్మకు అన్నం మితంగా పెడుతుంది.

నవ్వొచ్చింది విమలా. కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరాయి. పిల్ల ఎగతాళికి రాయలేదు, చూసింది రాసింది. వదిలెయ్యాల్సింది. కానీ 'తగినంత' అని అర్థం రాసి, టీ గ్లాసుడు అన్నానికి ఆ మాట వాడితే నా చెయ్యి ఊరుకుంటుందా? ఎర్ర పెన్నుతో 'మితంగా' కొట్టేసి 'అల్పంగా' అని దిద్దాను. పక్కన 'అర్థం సరి, వాడుక తప్పు' అని కూడా రాశాను. శైలజ ఆ బళ్లోనే లెక్కలు చెబుతుందని నాకు తెలుసు. తెలిసే దిద్దాను.

పుస్తకం స్టాఫ్ రూంలో అందరి చేతులూ మారింది. శైలజ ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లను కొట్టింది. చెంప మీద అయిదు వేళ్లూ లెక్క తప్పకుండా తేలాయి.

"అమ్మా, నువ్వు రాసింది నిజమే అయితది. గని పదిమంది ముందట శైలజ మొకం ఎట్ల పెట్టుకుంటది? నీ పెన్ను జర పక్కన పెట్టు" అన్నాడు రమేష్.

"నువ్వు గా పళ్లెంలకెల్లి జర తల లేపుంటే, నాకు పెన్నుతోని పనే పడకపోవు బిడ్డా" అన్నాను. లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు శైలజ అన్నం గుట్టలా పోస్తుంది. "అల్పంగా లేదు కదండీ?" అని అడిగి ఎదురుగా నిలబడుతుంది. నేను సగం వదిలేస్తే, ఆ పళ్లెం తీసుకెళ్లి రమేష్‌కు చూపిస్తుంది.

హర్షిత నా మంచం దగ్గరికి రావడం లేదు. నిన్న నేనే వెళ్లి, "టీచర్ వాక్యం మార్చి రాయమన్నదట గద, ఏం రాసినవ్ బిడ్డా?" అన్నాను. పుస్తకం నా చేతికివ్వలేదు. గుమ్మంలోనే నిలబడి చదివింది.

"నేను మా నానమ్మతో మితంగా మాట్లాడతాను."

చదివి, "కరెక్టేనా?" అని అడిగింది.

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "కరెక్టే" అన్నాను. పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది.

నా గురించి బెంగపడకు, కడుపు నిండుతోంది. మరిదిగారికి నమస్కారాలు, ఊళ్లో మన పెద్దమ్మకు దండాలు. ఆవిడ దీవెన నాక్కూడా ఒకటి అడిగి ఉంచు. ఫోన్ చేసినప్పుడు మాత్రం హర్షితకు ఇవ్వమని అడగకు.

ఇట్లు,
మీ అక్క
అనసూయ