కడుపునొప్పి కాదక్కా

అక్కా, నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను.

నువ్వు పంపిన కడుపునొప్పి పొడి అందింది. మా అమ్మాయికి ఉన్నది కడుపునొప్పి కాదే. పోస్టుమాన్ చదువుతాడని పోయిన కార్డులో అబద్ధం రాశాను. మూడు నెలలుగా బడికి పోవడం లేదు, గదిలోంచి రాదు, ఊరికే ఏడుస్తుంది. ఇప్పుడు వారం వారం మనసుకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మతో మాట్లాడుతోంది. గంటసేపు లోపల ఏం చెబుతుందో నాకు చెప్పరు. బయట బల్ల మీద కూర్చుని ఆ తలుపుకేసే చూస్తుంటాను.

నిన్న ఆ పొట్లం చూసి, "ఇదెవరికమ్మా?" అంది. నీకు రాసిన అబద్ధం చెప్పేశాను.

"నాకు భయమేస్తోందని ఆవిడతో చెప్పడానికే నాలుగు వారాలు పట్టింది. నువ్వేమో దాన్ని కడుపునొప్పి చేసేశావు. నిజం రాయి. కార్డు మీదే రాయి."

కోపంగానే అంది గానీ, అన్ని మాటలు దాని నోట విని ఎన్నాళ్లయిందో! నయమవుతుందంటావా?

నీ మోకాలు ఎలా ఉంది? మా అమ్మాయికో కార్డు రాయి, ఎందుకిలా అయ్యావని మాత్రం అడగకు. పిల్లలకు దీవెనలు.

డాక్టరమ్మ దగ్గరికి తప్ప గడప దాటని పిల్ల, ఈ కార్డు తనే డబ్బాలో వేస్తానని చెప్పులేసుకుని నిలబడింది. మనసు మారేలోపు చేతికిచ్చేయాలి, ఉంటాను.