ముందు నీకు పెట్టిన నీళ్ళు

లచ్చక్కా,

నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. నాలుగో తరగతితోనే బడి మాన్పించారు, ఏమనుకోకు.

నువ్వు పోయాక ఆయన నన్ను చేసుకున్నాడు. నీ శాంతికని పెళ్ళిలోనే కట్టిన నీ పేర వెండి బిళ్ళ నా మెడలోనే ఉంది. కొత్త చీర వచ్చినా ముందు దేవుడి గూట్లో నీకు పెట్టి, తర్వాతే కట్టుకుంటాను.

పోయిన నెల పట్నం డాక్టర్లు వచ్చి మన పెరటి బావి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. వాటిలో ఏదో లోహం కలిసిందట, అది మూత్రపిండాలను పాడు చేస్తుందట. నీ కాళ్ళ వాపు, నీ చావు దానివల్లే కావచ్చన్నారు.

ఆయన గడపలోనే కూలబడ్డాడు. "గీ ముచ్చట అప్పుడే ఎరుకైతే నా లచ్చి బతికేది గదా!" అన్నాడు.

'మరి నేనెక్కడుందును?' అని నోటిదాకా వచ్చింది.

బావి నీళ్ళు మానేసి, ఇవాళ గోదావరి నుంచి మొదటి కావడి నీళ్ళు తెచ్చాడు. నేను చెంబు ముంచగానే, "ఆగు పిల్లా, ముందు లచ్చికి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఆయన అటు పోగానే నీ గ్లాసు ఎత్తి నేనే తాగాను. తియ్యగా ఉన్నాయి. ఈ నీళ్ళు దక్కనిది నీకు, నీ మీద కుళ్ళు మాత్రం నాకు.

నీకు చేరితే ఇది కాల్చెయ్యి అక్కా. ఆయన చదివితే మళ్ళీ నీకోసమే ఏడుస్తాడు.