పదిహేడో నంబరు ఇంట్లో ఐదో మనిషి

శ్రీయుత ఇంటింటి సర్వే అధికారి గారి సముఖమునకు,
తొమ్మిదో వార్డు ఎన్యూమరేటరుగా డ్యూటీ వేయబడిన మునిసిపల్ హైస్కూలు లెక్కల టీచరు సమర్పించుకొను అర్జీ.

విషయం: గోడ కాలనీ 17వ నంబరు ఇంటి ఫారములో తప్పుడు వివరము రాసితినను ఆరోపణపై సంజాయిషీ మరియు మొర – గురించి.

సూచిక: తమ కార్యాలయ మెమో, దానికి జతపరచిన కాలనీ సంక్షేమ సంఘం వారి ఫిర్యాదు.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా: నేను అనుమతి లేకుండా ఒక ఇంట్లోకి చొరబడితిననియు, ఆ ఇంటి వంటమనిషిని యజమాని గారి అక్కగా రాసితిననియు, కాలనీలో లేని మనుషులను ఉన్నట్టు చూపితిననియు మూడు ఆరోపణలు. వీటికి మూడు రోజుల్లో జవాబివ్వనిచో శాఖాపరమైన చర్య అని తమ మెమోలో ఉన్నది. మొదటి ఆరోపణ నిజము. మిగిలిన రెండూ నిజము కావు. ఎలాగో దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. ఆ కాలనీ గేటు వద్ద రెండు రిజిస్టర్లు ఉంటాయి. ఒకటి అతిథులకు, ఒకటి పనివారికి, అమ్మకందార్లకు. మొదటి రోజు నన్ను రెండో దానిలో సంతకం చేయమన్నారు. చేశాను. గుర్తింపు కార్డును రెండు వైపులా ఫోటో తీసుకున్నారు, వెనక వైపు ఏమీ లేకపోయినా. తర్వాత నలభై నిమిషాలు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ నలభై నిమిషాల్లో వాచ్‌మన్ ఆరుసార్లు ఫోను మాట్లాడాడు. ఆరుసార్లూ నా వైపు చూస్తూనే మాట్లాడాడు.

"ఏమంటున్నారు బాబూ?" అని అడిగాను.

"నిజంగా ఏ ఆఫీసు నుంచి వచ్చారో కనుక్కోమంటున్నారు టీచరమ్మా," అన్నాడు.

2. లోపల ముప్పై ఎనిమిది ఇళ్లు. పదిహేను ఇళ్లలో నేను మనిషి ముఖం చూడలేదు. గేటుకు బిగించిన స్పీకరు "నలుగురం" అన్నది, నేను నలుగురని రాసుకున్నాను. ఆ గొంతు ఇంటివారిదో, ఇంటికి వచ్చినవారిదో ఆ స్పీకరుకే తెలియాలి. చాలా గేట్ల మీద ఇంటివారి పేరు లేదు, కుక్క పేరు మాత్రం ఉంది. పక్కింట్లో ఎంతమంది ఉంటారని ఎవరిని అడిగినా, నేనేదో కూపీ లాగడానికి వచ్చినట్టు చూశారు. కాసేపటికి అర్థమైంది. వాళ్లకు నిజంగానే తెలియదు.

సంఘం అధ్యక్షురాలు, కళ్ల డాక్టరు గారి భార్య, రోడ్డు మీదే నన్ను ఆపారు.

"ఇంటింటికీ ఎందుకమ్మా తిరగడం? మా కాలనీలో అందరూ ఒకే తరహా మనుషులు. ఒకరిని రాస్తే అందరినీ రాసినట్టే," అన్నారు.

"మరి పనివాళ్లండీ?"

"వాళ్లని వాళ్ల ఇళ్ల దగ్గర రాస్తారుగా."

ఎవరు ఎక్కడ నిద్రపోతారో అక్కడే రాయాలని తమరు శిక్షణలో రెండుసార్లు చెప్పారు. నేను అండర్‌లైను కూడా చేసుకున్నాను. ఆ మాటే ఆవిడకు చెప్పాను. అప్పటి నుంచి నా వెనక ఒక సెక్యూరిటీ మనిషి నడవడం మొదలుపెట్టాడు. నేను ఆగితే ఆగేవాడు, చెప్పు సరిచేసుకుంటే తన బూటు చూసుకునేవాడు.

3. ఇళ్ల వెనక ఒక సందు ఉంది. ముందు వైపు తెలియనిదంతా ఆ సందులో తెలుస్తుంది. డ్రైవర్లు, తోటమాలులు, పసిపిల్లల్ని చూసుకునేవాళ్లు, మంచాన పడ్డ పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లు – అక్కడ అందరికీ అందరూ తెలుసు. ఏ ఇంటి మేడ కింద గదిలో ఎందరు పడుకుంటారో, ఏ గదికి కిటికీ లేదో చెప్పారు. అలా రాసుకుంటే పనివారి లెక్క నూట తొమ్మిది తేలింది. సంఘం వారి లెక్కలో ఈ సంఖ్య సున్నా. కుటుంబీకులు నా లెక్కలో నూట ముప్పై రెండు, వారి లెక్కలో నూట ముప్పై ఒకటి. నూట తొమ్మిది మంది గురించి ఫిర్యాదులో ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్కరి గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఇందువల్ల నాకు అనుమానం కలిగినదని మనవి.

నిజం చెప్పాలంటే అనుమానం అంతకు ముందే కలిగింది. పదిహేడో నంబరు మోటారు పంపుల ఫ్యాక్టరీ యజమానిది. "నేను, మా ఆవిడ, బాబు, పాప, నలుగురం," అన్నారు ఆయన. వెనక దండెం మీద ఐదు రకాల బట్టలు ఉన్నాయి. ఐదోవి పెద్ద వయసువాళ్లు వేసుకునే మెత్తటి నూలు బట్టలు. "ఇంకెవరైనా ఉంటారాండీ?" అంటే ఆయన "ఎవరూ లేరు," అన్నారు, ఆయన భార్య అదే క్షణంలో "వంటావిడ వచ్చిపోతుంటుంది," అన్నారు. ఒకే ప్రశ్నకు ఒకే బెంచీ నుంచి రెండు జవాబులు వస్తే నేను ఇరవై రెండేళ్లుగా రెండు పేపర్లూ లాక్కుంటున్నాను.

సందులో ఆ ఇంటి డ్రైవరుని అడిగాను. మీసాలాయన అంటారు అతన్ని.

"ఉందండీ ఒక పెద్దావిడ. పదకొండేళ్లుగా చూస్తున్నా. గేటు దాటి రాదు. ఎవరితో మాట్లాడదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను చెప్పానని రాయకండి," అన్నాడు. (రాయవలసి వచ్చినందుకు అతను క్షమించాలి. అతనికి హాని జరగకుండా తమరు చూడాలి.)

ఇంటికి వెళ్లి మా ఆయనతో, "ఆ ఇంట్లో ఎవర్నో నిర్బంధించారు," అన్నాను.

"నీకు ప్రతివాడూ కాపీ కొట్టేవాడిలాగే కనిపిస్తాడు," అన్నారు ఆయన.

4. మర్నాడు పదకొండు గంటలకు వెనక తలుపు నుంచి ఆ ఇంటి వంటగదిలోకి వెళ్లాను. పిలవకుండానే వెళ్లాను. ఇదే నా నేరము. ఒప్పుకుంటున్నాను.

ఆవిడ పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తున్నారు. డెబ్బై ఏళ్లకు దగ్గర. నేను మొదట చూసింది ఆవిడ గది తలుపు గడియ. అది లోపలి వైపే ఉంది. బయట గడియ పెట్టిన గుర్తు కూడా లేదు. ఇంత అనుమానించి వచ్చి, ఆ గడియను చూసి నేను కొంచెం నిరాశపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

"మీరు ఇక్కడే ఉంటారాండీ?" అన్నాను.

"ఎక్కడుంటాను మరి? కూర్చో," అన్నారు. సగం బఠానీలు నా వైపు తోశారు.

ఫారము తీసి, "ఈ ఇంటి యజమానికి మీరేమవుతారు?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవరు అడగమన్నారు?"

"ప్రభుత్వం అండీ. అందరినీ అడుగుతుంది."

"అందరినీనా?" అని ఇంకో బఠానీ ఒలిచి, "వాడు నా తమ్ముడమ్మా," అన్నారు.

అయ్యా, ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను. అమ్మా నాన్నా పోయేసరికి ఆవిడకు పంతొమ్మిది, తమ్ముడికి ఎనిమిది. ఆవిడ ఒక కాలేజీ హాస్టల్లో వంటపనికి కుదిరారు. రెండు వందల మందికి వండేవారు. తమ్ముడు ఆ వంటగదిలోనే పెరిగి, ఆ కాలేజీలోనే చదివి, ఇంజనీరయ్యాడు. పెళ్లయ్యాక కూడా అక్కను వదల్లేదు. ఈ ఇల్లు కొన్న వారానికి కాలనీ ఆడవాళ్లు నలుగురైదుగురు చూడటానికి వచ్చారు. ఈవిడ టీ పట్టుకుని హాల్లోకి వెళ్లారు. అధ్యక్షురాలు కప్పు అందుకుంటూ, "మంచి వంటమనిషి దొరికింది మీకు. ఎక్కడ పట్టారు?" అన్నారట.

"నేను చూశాను, వాడు చెప్తాడేమోనని. వాడు చూశాడు, నేను చెప్తానేమోనని," అన్నారు ఆవిడ. "ఇద్దరం ఊరుకున్నాం. అంతే. అప్పట్నుంచి ఊరుకునే ఉన్నాం."

"మీకు బాధ అనిపించలేదా?"

"అబద్ధం కాదుగా. నేను వంటావిడనే. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. అక్కని కూడా, అంతే. పిల్లలు వంటింట్లో నన్ను అత్తా అని పిలుస్తారు. చుట్టాలు కాని వాళ్లెవరైనా ఉంటే ఏమీ పిలవరు. వాళ్లకి ఎవరూ నేర్పలేదు. వాళ్లే నేర్చుకున్నారు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ తల ఎత్తలేదు. నేను ఐదో వరసలో 'అక్క' అని రాశాను. నా దస్తూరీయే. దిద్దుబాటు లేదు. కిటికీ అవతల, నా వెనక నడిచే సెక్యూరిటీ మనిషి తన బూటు చూసుకుంటున్నాడు.

5. ఫిర్యాదు వచ్చిన మర్నాడు, భోజనాల బెల్లు తర్వాత, ఆ యజమాని స్వయంగా మా స్కూలుకు వచ్చారు. ఖాళీ క్లాసులో మూడో బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్లు డెస్కుకు తగులుతున్నాయి.

"ఫిర్యాదు మీద సంతకం నాదే," అన్నారు. "రాసింది సంఘం మేడమ్ గారు. మీరు ఆ ఒక్క మాట కొట్టేస్తే నేను వెనక్కి తీసుకుంటాను. మీ ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు."

"కొట్టేసి ఏం రాయమంటారు?"

"వంటమనిషి అని రాయండి. లేకపోతే అసలు వద్దు. కాగితంలో లేకపోతే ఏమవుతుంది? అన్నం పెట్టడం మానేస్తామా?"

నాకు భయమేసింది. ఎనిమిది నెలల్లో నాకు హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ ఉంది. సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్ర గీత పడితే అది పోతుంది. కొట్టెయ్యడానికి పెన్ను మూత తీశానని కూడా తమకు దాచకుండా చెబుతున్నాను.

అప్పుడు ఆయన నల్లబోర్డు వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు అన్నారు. "ఆ రోజు ఒక్క మాట అనుంటే సరిపోయేది. రెండో రోజు అనడానికి మొహమాటమేసింది. ఏడాది అయ్యాక ఎలా అనాలో తెలీలేదు."

కళ్లు తుడుచుకున్నారు. నేను దాన్ని కూడా అనుమానంగానే చూశాను. చూసి, పెన్ను మూత పెట్టేశాను.

"ఆవిడని అడక్కుండా కొట్టను సార్. ఆవిడ ముందు మీరు చెప్పండి, అక్కడే రాస్తాను," అన్నాను.

6. ఆదివారం ఉదయం పది గంటలకు, ఈసారి ముందు తలుపు నుంచి, పిలిస్తేనే వెళ్లాను. భోజనాల బల్ల దగ్గర ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కొత్త ఫారము బల్ల మీద పెట్టి, "కుటుంబ యజమానికి సంబంధం?" అని పెద్దావిడ గురించిన ప్రశ్న చదివాను.

పాప వాళ్ల నాన్న ముఖం చూస్తోంది. ఆయన నోరు తెరిచి, మూసి, గ్లాసు అందుకున్నారు.

పెద్దావిడ వచ్చి, "ఇటివ్వు," అని నా చేతిలో పెన్ను తీసుకున్నారు. "యజమాని అంటే ఎవరమ్మా, మీ లెక్క ప్రకారం?"

"ఇంట్లోవాళ్లు ఎవరిని పెద్దగా అనుకుంటే వాళ్లండీ. ఆరో సూచనలో ఉంది."

"ఏరా, ఎవరిని అనుకుంటున్నావు?"

ఆయన తల వంచుకుని, "నిన్నే అక్కా," అన్నారు.

ఆవిడ నిలబడే రాశారు. మొదటి వరసలో తన పేరు రాసి, యజమాని. రెండో వరసలో తమ్ముడు. మూడోది మరదలు. నాలుగు మేనల్లుడు, ఐదు మేనకోడలు. అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయి. ఆయన కింద సంతకం చేశారు. సంతకం కొంచెం గీత దాటింది, కాని అది ఆయనదే.

ఆయన భార్య మాత్రం చాలాసేపు ఆ కాగితాన్నే చూసి, "ఇప్పుడు అందరికీ ఏమని చెప్పాలి?" అన్నారు.

"అడిగితే చెప్పు," అన్నారు పెద్దావిడ. "పదకొండేళ్లలో ఒక్కళ్లూ అడగలేదు."

పాప లేచి తన కుర్చీ ఆవిడకిచ్చింది. ఆవిడ కూర్చున్నారు. అంతకు మించి అక్కడ ఏమీ జరగలేదు.

కావున ఏలినవారు దయతలచి, (అ) జతపరచిన రెండో ఫారమును ఖాయపరచి మొదటిదానిని రద్దు చేయవలెనని, (ఆ) యజమాని గారు ఫిర్యాదు ఉపసంహరించుకొనుచు ఆదివారమే ఇచ్చిన ఉత్తరమును స్వీకరించి నా మీద మెమోను ఎత్తివేయవలెనని, (ఇ) అలా వీలుకానిచో చొరబడిన నేరమునకు మాత్రమే శిక్షించి, నూట తొమ్మిది మందిని మాత్రం లెక్క నుంచి తీసివేయకుండా కాపాడవలెనని ప్రార్థించుచున్నాను. ఇందులో రాసినదంతా నేను కళ్లారా చూసి, చెవులారా విన్నది. చిత్తగించి న్యాయము చేయవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
లెక్కల టీచరు, తొమ్మిదో వార్డు ఎన్యూమరేటరు

తా.క.: అర్జీ కవర్లో పెట్టి అంటించబోతుండగా ఫోను వచ్చింది. గోడ కాలనీ నుంచే. ఎవరో ఆడమనిషి, బాగా చదువుకున్న గొంతు. "పదిహేడులో రాసిన టీచరు మీరేనా? మా ఇంట్లో కూడా ఒకరు మిగిలిపోయారు. రేపు మూడింటికి రండి, మావారు ఉండరు," అని, ఇంటి నంబరు చెప్పి పెట్టేశారు. ఇది నన్ను ఇరికించడానికి సంఘం వారు పన్నిన ఎత్తో, నిజమో నాకు తెలియదు. అరగంటకు ఇంకో ఇంటి నుంచి కూడా వచ్చింది. అందుచేత, సార్, మెమో సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు ఖాళీ ఫారాలు ఒక అరడజను ఈ అర్జీ తెచ్చిన మనిషి చేతికే ఇచ్చి పంపండి. నా దగ్గర ఒకటే మిగిలింది.