వెనకాల వస్తున్నది ఎవరు?

మూడో తారీకు, సోమవారం

ఈ రోజు నుంచి నేను మారిపోతున్నాను. నవ్వకు డైరీ, నిజంగానే.

పొద్దున్నే లాయరమ్మ ఫోను. నెలాఖరున కోర్టులో వాయిదా ఉంది కదా, మా అమ్మాయి బుడంకాయ నా దగ్గర పెరగాలా, వాళ్ళ నాన్న దగ్గర పెరగాలా తేల్చేది. "అవతలివాళ్ళు ఆధారాలు పెడతామంటున్నారమ్మా. అంటే ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుంటారు. జాగ్రత్తగా ఉండు" అంది.

"దేనికి ఆధారాలు?"

"నువ్వు పిల్ల మీద అరుస్తావని."

"నేనా? నేను అరుస్తానా?" అని అరిచాను. "ఇదిగో, ఇదే" అంది లాయరమ్మ.

సరే, నాది పెద్ద గొంతే. డ్రైవింగ్ నేర్పే పని. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని "బ్రేక్! బ్రేక్!" అని మొత్తుకుంటే గొంతు ఇంకెలా ఉంటుంది? కానీ బుడంకాయని నా దగ్గర్నుంచి తీసుకుపోవడమేంటి! ఎనిమిదేళ్ళ పిల్ల. నేను తప్ప ఎవరు జడ వేసినా ఊరుకోదు.

కాబట్టి తీర్మానాలు.

ఒకటి: అరవను. ఆకాశం ఊడి మీద పడ్డా సరే.

రెండు: సాయంత్రం అన్నం బదులు కార్లో చిప్స్ ప్యాకెట్‌తో సరిపెట్టడం బంద్.

మూడు: ఆ డిటెక్టివ్‌ని నేనే పట్టేస్తాను! లాయరమ్మ గుర్తులు చెప్పింది. ఒకే బండి వేర్వేరు చోట్ల కనిపించడం. పనీపాటా లేకుండా నిలబడ్డ మనిషి. ఉన్నట్టుండి స్నేహం కలిపేవాళ్ళు. కారు వెంబడిస్తోందని అనుమానం వస్తే నాలుగుసార్లు వరసగా ఒకే వైపు తిరగాలట. అప్పటికీ వెనకాలే ఉంటే మన కోసం వచ్చినట్టే.

"పట్టుకున్నాక ఏం చెయ్యాలి మేడమ్?"

"ఏమీ చెయ్యకు తల్లీ. మామూలుగా ఉండు."

ఓస్, ఇంతేనా! రోజంతా మూడు అద్దాల్లోకి చూస్తూ బతికేదాన్ని. నా వెనకాల తిరగడం వాడి తరం కాదు.

నాలుగో తారీకు, మంగళవారం

అద్భుతం! పొద్దున్నుంచి ఒక్క అరుపు లేదు!

బుడంకాయ ఒక కాలికి పచ్చ సాక్సు, ఇంకో కాలికి నీలం సాక్సు వేసుకుని వచ్చింది. "బంగారూ, ఒక్కసారి కిందికి చూసుకుంటావా?" అన్నాను. అది కిందికి చూడలేదు, నా మొహంలోకి చూసింది.

పదింటికి ఒక ఫొటోగ్రాఫర్‌కి డ్రైవింగ్ క్లాసు. "కొంచెం బ్రేకు వేస్తారా అండీ" అన్నాను మెల్లగా. ఆయనకి వినపడలేదు. ప్లాస్టిక్ కోను ఒకటి బంపరు కింద ఇరుక్కుంది. నా వైపు కూడా బ్రేకు ఉంది కాబట్టి సరిపోయింది. అయినా అరవలేదు! శభాష్ నాకు.

రాత్రికి పప్పు, కూర, పెరుగు. ప్లేట్లలో. టేబుల్ మీద. కర్టెన్ తీసే ఉంచాను. చూస్తే చూడనీ.

ఆరో తారీకు, గురువారం

అనుమానితులు:

స్కూలు గేటు దగ్గర ఒకావిడ. చేతిలో కుక్క గొలుసు ఉంది, కుక్క లేదు! (తర్వాత తెలిసింది: కుక్క పొద వెనకాల తన పని చూసుకుంటోంది.)

కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు. మీటరు కంటే నన్నే ఎక్కువ చూశాడు. (నేనే వాణ్ణి గుడ్లప్పగించి చూస్తున్నానట. "ఏమైనా కావాలా అక్కా?" అని అడిగాడు పాపం.)

మందుల షాపులో నన్ను చూసి నవ్విన మనిషి. ఉన్నట్టుండి స్నేహం! (నా పాత స్టూడెంటు. మూడో ప్రయత్నంలో లైసెన్సు వచ్చింది, ఎలా మర్చిపోయానో.)

క్రీమ్ రంగు కారు. ఇది మాత్రం గ్యారంటీ. సోమవారం మార్కెట్ వెనక రోడ్లో కనపడింది, ఈ రోజు స్టేడియం దగ్గర. లోపల టోపీ, నల్ల కళ్ళజోడు. దొరికాడు దొంగ!

రేపు మళ్ళీ లెక్కల టీచరుగారి క్లాసు. ఆవిడ రిటైరయ్యాక నేర్చుకుంటోంది, నిదానంగా నడుపుతుంది. వాణ్ణి పట్టడానికి అదే మంచిది.

ఏడో తారీకు, శుక్రవారం

సిగ్గుతో చచ్చిపోయాను. వివరంగా రాస్తాను.

క్రీమ్ కారు వెనకాల ఉంది. "టీచరుగారూ, ఎడమకి" అన్నాను. తిప్పింది. కారు కూడా తిరిగింది. "మళ్ళీ ఎడమకి." తిరిగింది. "మళ్ళీ." "అమ్మాయ్, ఇలా అయితే బయల్దేరిన చోటికే వస్తాం కదా" అంది ఆవిడ. లెక్కల మనిషి, దొరికిపోయాను. "ప్రాక్టీసండీ" అన్నాను. నాలుగోసారి తిరిగాం. కారు ఇంకా వెనకాలే!

బండి ఆపించి, దిగి, వెళ్ళి వాడి అద్దం మీద టకటకా కొట్టాను. మామూలుగా ఉండమన్న లాయరమ్మ మాట ఎక్కడ గుర్తుంటుంది?

"ఎవరు పంపారు నిన్ను? నా పిల్ల జోలికొస్తే ఊరుకోను, ఏమనుకున్నావో!"

అద్దం దిగింది. పెద్దాయన. "ఎవరూ పంపలేదమ్మా. ఆ నడిపే ఆవిడ... మా ఆవిడ."

నా వెనకాల లెక్కల టీచరుగారి గొంతు. "మీరా! రావద్దన్నానా లేదా?"

"భయమేసిందే. నీకేమైనా అయితే?"

"మొదటి రోజు నుంచీ వస్తున్నారా?"

ఆయన టోపీ తీసేశాడు. ఆవిడ డోరు ధడేల్‌మని వేసుకుని కూర్చుంది. తర్వాత చూస్తే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "ఈ వయసులో నా వెంట పడటమేంటి ఈయన" అంటూ నవ్వుతోంది కూడా.

వాళ్ళకి బాగానే ఉంది. నేను మాత్రం నడివీధిలో ఒక పెద్దమనిషి మీద అరిచాను. కానీ ఇది పిల్ల మీద అరిచినట్టు కాదుగా. లెక్కలోకి రాదు.

పదో తారీకు, సోమవారం

కాస్త నీరసం. ఇంట్లో మాత్రం అరవలేదు (శనివారం బాత్రూమ్‌లో టవల్‌లో మొహం పెట్టుకుని ఒకసారి అరిచాను, అది వినపడదు).

చిప్స్: ఒకసారి. వర్షం వల్ల. కార్లో సీటు కిందికి వంగి తిన్నాం, బయటికి కనపడకుండా. బుడంకాయకి భలే నచ్చింది.

హోంవర్క్ పుస్తకం స్కూల్లో మర్చిపోయి వచ్చింది. మూడోసారి. లోపల అగ్గి మండుతోంది. "ఫర్వాలేదమ్మా, రేపు తెచ్చుకుందువుగాని" అన్నాను పళ్ళు కనపడేలా నవ్వుతూ.

"అమ్మా, నువ్వు హోటల్ కౌంటర్లో ఆంటీలా మాట్లాడుతున్నావు."

"అంటే?"

"ఏమో. అలాగే."

తర్వాత గదిలోకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఎప్పుడూ వేసుకోదు. అలసిపోయిందేమో. స్కూల్లో పరీక్షలు కూడా ఉన్నాయి.

పదమూడో తారీకు, గురువారం

బుడంకాయ కూడా మెల్లగా మాట్లాడుతోంది! "మంచినీళ్ళు ఇస్తావా అమ్మా, ప్లీజ్" అంది. ఎప్పుడైనా ప్లీజ్ అన్నదా ఇది? సంతోషపడాలి కదా. పడటం లేదు. ఇంట్లో ఇద్దరం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా తిరుగుతున్నాం.

డిటెక్టివ్ జాడ లేదు. అసలు లేడేమో! లాయరమ్మ ఊరికే భయపెట్టిందేమో. ఈ రోజు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

చిప్స్: లెక్కపెట్టడం మానేశాను.

పదిహేనో తారీకు, శనివారం

అక్షరాలు సరిగ్గా రావు.

సాయంత్రం సామాన్ల సంచులు రెండు చేతులా పట్టుకుని మెట్ల దగ్గర ఉన్నాను. మా వీధి చివర వరకూ పల్లం, అక్కడ పెద్ద రోడ్డు. బుడంకాయ తన తోపుడు స్కూటర్ మీద బయల్దేరింది. ఇంటి ముందే తిరుగుతుందనుకున్నా. పల్లంలోకి వెళ్ళింది. వేగం పెరిగింది. కింద మలుపులో గోడ చాటున నీళ్ళ ట్యాంకర్ వెనక్కి వస్తోంది, మెట్ల మీంచి నాకు కనపడుతోంది. దానికి ట్యాంకర్ కనపడట్లేదు, ట్యాంకర్‌వాడికి అది కనపడట్లేదు.

నేను పరిగెత్తినా అందదు.

"బ్రేఏఏక్!!"

ఇంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. కిటికీలు తెరుచుకున్నాయి. పెద్ద రోడ్డు మీద రెండు కార్లు కీచుమని ఆగాయి. బుడంకాయ కాలు కింద పెట్టేసి బోర్లా పడింది. ట్యాంకర్ ఆగిపోయింది. పిల్లకీ చక్రానికీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు కూడా లేదు.

వెళ్ళి ఎత్తుకున్నాను. మోచేతులు గీరుకుపోయాయి, అంతే. అంతే! ఇక అందుకున్నాను. "బుద్ధుందా నీకు? ఎన్నిసార్లు చెప్పాను పల్లంలోకి వెళ్ళొద్దని? చచ్చేదానివి కదే! నేనేం కావాలి?" గట్టిగా, అందరి ముందూ, ఏడుస్తూ. అది కూడా అంతే గట్టిగా "నువ్వే చూడలేదు నన్ను!" అని అరిచి ఏడ్చింది. ఇద్దరం రోడ్డు మీద కూర్చుని గొంతులు పోయేలా ఏడ్చాం.

ట్యాంకర్ డ్రైవర్ దిగి వచ్చాడు. మొహం పాలిపోయింది. "మేడమ్, మీ దగ్గరే నేర్చుకున్నా బండి. ఆ అరుపు వినగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది."

అప్పుడు చూశాను. మాకు రెండు అడుగుల దూరంలో ఇంకో మనిషి నేల మీద ఉన్నాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. పిల్లని పట్టుకోవాలని పరిగెత్తి పడ్డాడు. మెడలో కెమెరా. బారెడు లెన్సు.

"మీరు..."

"నేనిక్కడ లేనమ్మా" అన్నాడు ఆయాసపడుతూ. "నేను మీకు కనపడకూడదు. కనపడితే ఇక ఈ పనిలో ఉంచరు."

"మరెందుకు దిగారు కారు?"

"పిల్ల కదమ్మా" అన్నాడు.

ఆయన అసలు డిటెక్టివ్. రెండు వారాలుగా మా వీధిలోనే ఉన్నాడట. "మొన్న నా కారు అడ్డం తియ్యమని హారన్ కొట్టింది మీరే" అన్నాడు. తలబాదుకోవాలనిపించింది.

"ఏం రాస్తారు?"

"చూసిందే రాస్తానమ్మా. అరిచారని రాస్తాను. ఎందుకు అరిచారో కూడా రాస్తాను."

"రెండోది వాళ్ళు చదువుతారా?"

"అది నా చేతిలో లేదు" అన్నాడు. నిజాయితీపరుడే. కానీ నాకేం లాభం? వీధి మొత్తం సాక్ష్యం. ఇక పిల్ల నాకు దక్కదు.

పదహారో తారీకు, ఆదివారం

బుడంకాయ మోచేతులకి మందు రాస్తుంటే అడిగింది. "ఆ కెమెరా అంకుల్ ఎవరు?"

దాయడం నా వల్ల కాలేదు. "నాన్న పంపించాడు. మనం ఎలా ఉంటున్నామో చూసి చెప్పమని."

అది మోచెయ్యి వెనక్కి లాక్కుంది. "నన్నడగొచ్చుగా?"

నా ఫోను తీసుకుని వాళ్ళ నాన్నకి తనే చేసింది. స్పీకర్ పెట్టింది. ఆపుదామనుకున్నా, చెయ్యి రాలేదు.

"నాన్నా, నేను. నీకేం తెలియాలో నన్నడుగు, నేను చెప్తా. అమ్మ అరుస్తుంది. నేనూ అరుస్తా. తర్వాత మేం చిప్స్ తింటాం. కానీ ఇన్ని రోజులు అమ్మ అరవలేదు నాన్నా. నాకు భయమేసింది."

"అరవకపోతే భయమెందుకురా?"

"నువ్వు వెళ్ళిపోయే ముందు అమ్మా నువ్వూ అలాగే మెల్లగా మాట్లాడుకున్నారు కదా. ప్లీజ్, థాంక్యూ అని. అమ్మ కూడా నన్ను పంపించేస్తుందేమో అనుకున్నా."

నేను గోడ వైపు తిరిగిపోయాను. ఇన్నాళ్ళూ బయట ఎవరు చూస్తున్నారా అని వెతికాను. ఇంట్లో ఇది నన్నే చూస్తూ భయపడుతోందని తెలుసుకోలేదు. ఏం తల్లిని నేను!

కాసేపయ్యాక ఆయన "ఫోను అమ్మకివ్వు" అన్నాడు.

"విన్నాను" అన్నాడు.

"నేనూ విన్నాను."

"ఆ మనిషిని మాన్పించేస్తాను. లాయరుతో కూడా మాట్లాడతాను. అది నీ దగ్గరే ఉండనీ. శని, ఆదివారాలు మాత్రం నా దగ్గరికి పంపిస్తావా?"

ఎన్ని నెలల తర్వాతో మేమిద్దరం మర్యాద నటించకుండా మాట్లాడుకోవడం. "పంపిస్తాను. కానీ జడ వేయడం నేర్చుకో ముందు" అన్నాను. నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పదిహేడో తారీకు, సోమవారం

మళ్ళీ మొదలు! ఈసారి ఎవరి కోసమూ కాదు, నా కోసమే. పాత తీర్మానాల్లో కొన్ని సవరణలు.

ఒకటి: అరవను. అంటే అవసరానికి మించి అరవను. అరిస్తే ఆ తర్వాత దగ్గరికి తీసుకుంటాను.

రెండు: చిప్స్ వారానికి ఒక్కసారి. (ఈ వారం కోటా నిన్నే అయిపోయింది. రేపటి నుంచి లెక్క.)

మూడు: అద్దంలోకి డ్రైవింగ్ కోసమే చూస్తాను.

ఏడున్నర. బుడంకాయ బ్యాగ్ సర్దుకుంది! మెల్లగా "చాలా బాగుంది బంగారూ" అన్నాను. దాని మొహంలో రంగు మారింది. వెంటనే "ఆ సాక్సులేంటే, మళ్ళీ రెండు రంగులు!" అని అరిచాను. హమ్మయ్య అన్నట్టు నవ్వింది. మొదటి తీర్మానం గోవిందా.

ఏడూ నలభై. కారు తాళాలు కనపడట్లేదు. పైన వెతుకుతున్నాను. కింద నుంచి బుడంకాయ "అమ్మాఆఆ! లేటయిపోతోందీఈఈ!" అని ఒకటే అరుపు. అచ్చం నా గొంతే. వీధిలో వాళ్ళంతా తలెత్తి మా కిటికీ వైపే చూస్తున్నారు.

చూడనీ.