గిన్నె అడుగున మిగిలింది

మార్చి 4
ఆయన లివర్‌లో కొవ్వు పేరుకుందట. గ్రేడ్ టూ. జన్మలో చుక్క ముట్టని మనిషి. తాగకపోయినా వచ్చేదయితే ఇన్నాళ్లూ మడికట్టుకుని ఎందుకు కూర్చున్నానండీ అని డాక్టరుగారినే అడిగారు. ఆవిడ నవ్వలేదు. కళ్లద్దాల షాపులో పొద్దస్తమానం స్టూలు మీద కూర్చోవడం, మధ్యలో బజ్జీల్లాంటి నూనె సరుకు, ఇంటికొచ్చి మళ్లీ కడుపునిండా భోజనం. కారణాలు అవేనట.

షుగర్ లేదు కాబట్టి విటమిన్ ఇ క్యాప్సూల్ రాశారు. యాంటీ ఆక్సిడెంట్. లోపల కొవ్వు రాజేసే మంటను అది కాస్త చల్లార్చవచ్చట. బరువు తగ్గకపోతే మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దన్నారు. ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్. అప్పటికీ లివర్ గట్టిపడుతూ ఉంటే సూదితో ముక్క తీసి చూడాలట. ఆ మాటతో ఆయన జోకులు ఆగిపోయాయి. తూకం ఎక్కనని మారాం చేస్తే ముందు నేనెక్కి చూపించాను.

మార్చి 5
క్యాప్సూల్ టిఫిన్ తర్వాత. సాయంత్రం నడక. ఆయన పళ్లెం మార్చాను. చిన్నది.

మార్చి 11
పళ్లెం చూసి, ఇది నాదా మనవడిదా అన్నారు. మనకింకా మనవడు లేడుగా అన్నాను. అయితే ముందే కొని పెట్టావన్నమాట అన్నారు.

ఆయన తిని లేచాక కూర సగం అలాగే ఉంది. తక్కువ వండటం నాకు చేతకావడం లేదు. పెళ్లయినప్పటి నుంచీ చేతికి ఒకటే కొలత. అత్తయ్య ముందు గదిలోంచే, గిన్నె ఖాళీ చేసి కడుగమ్మా, మిగిల్చి పారేసే ఇల్లు బాగుపడదు అన్నారు. కాపురానికొచ్చిన రోజు విన్నదే. వంటింట్లో నిలబడే తినేశాను.

ఏప్రిల్ 2
ఆయన రెండు కిలోలు తగ్గారు. నాకే ఏదో బహుమతి వచ్చినట్టుంది.

మే 19
క్యాప్సూల్ వేసుకున్నానుగా, రెండు వేపుడు ముక్కలకి ఏమవుతుందే, లోపల ఫైరింజన్ తిరుగుతోంది అన్నారు. ఫైరింజన్ ఉంది కదా అని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా అన్నాను. ముక్కలు ఆయన పళ్లెంలోంచి తీసేశాను.

తీసినవి ఎక్కడికి పోతాయి. నేనే తిన్నాను.

జులై 8
కొత్త బట్టలు బిగుతుగా కుట్టాడని టైలరు మీదికి వెళ్లాను. అతను టేపు తీసి నా కొలత చూపించాడు. బట్టలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

సెప్టెంబర్ 6
ఆయన స్కాన్ బాగుంది. కొవ్వు తగ్గింది. సూది అక్కర్లేదు. క్యాప్సూల్ కూడా ఇక ఆపేయమన్నారు, ఊరికే ఏళ్ల తరబడి వాడేది కాదట. బయటికొచ్చి కళ్లు తుడుచుకుందామని లేవబోయాను. డాక్టరుగారు నన్ను తూకం ఎక్కమన్నారు.

ఆయన ఆరు కిలోలు తగ్గారు. నేను అయిదు పెరిగాను. ఆయన పారేసుకున్నవి మీకు దొరికినట్టున్నాయే అన్నారావిడ. రోజూ ఏం తింటారని అడిగారు. ఆయన తిండి అయితే చెంచాలతో సహా చెప్పగలను. నాది చెప్పలేకపోయాను.

నేను పళ్లెంలో తినను.

సెప్టెంబర్ 9
నాకూ స్కాన్ తీశారు. గ్రేడ్ టూ. ఆయన మార్చిలో ఉన్న చోట నేనిప్పుడు ఉన్నాను. పైగా షుగర్. అందుకని ఆ క్యాప్సూల్ నాకు రాయలేదు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరట. ముందు షుగర్, బరువు చూద్దామన్నారు.

దారంతా నా రిపోర్టుల కవరు ఆయనే పట్టుకున్నారు.

సెప్టెంబర్ 10
డబ్బాలో ఆయన క్యాప్సూళ్లు రెండు స్ట్రిప్పులు మిగిలాయి. జబ్బు ఒకటే కదా అనిపించింది. పారేయడానికి చెయ్యి రాలేదు. ఒకటి చింపి, గ్లాసులో నీళ్లు పోసుకున్నాను.

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. అది కూడా మిగిలిందేనా అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

నా చేతిలోది తీసుకుని, స్ట్రిప్పులు జేబులో వేసుకుని వాపసు ఇవ్వడానికి మందుల షాపుకు వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక చిన్న పళ్లెం తెచ్చారు, ఆయనదానికి జత. తానే వడ్డించి కూర్చోమన్నారు. పక్కపక్కన కూర్చుని తిన్నాం. కూర్చుని తినడం అలవాటు లేక నేను రెండుసార్లు లేవబోయాను.

అత్తయ్య వచ్చి, గిన్నెలో ఇంకా ఉందేమిటే అన్నారు. ఉండనీయమ్మా, నా జబ్బంతా ఇన్నాళ్లూ దీని ఒంట్లో దాచి పెట్టాం, చాలు అన్నారు ఆయన. అత్తయ్య గిన్నె మీద మూత పెట్టారు.

సెప్టెంబర్ 11
మిగిలిన కూర అత్తయ్యే తీసుకెళ్లి వీధి కుక్క ముందు పెట్టారు. అది వాసన చూసి వెళ్లిపోయింది. ఇదే నయం, దీనికి వద్దనడం తెలుసు అన్నారు. గిన్నె ఆవిడే కడిగారు.