సగం చదివిన వచనం

బెల్లంపల్లి,
1963 ఆగస్టు 12

అన్న ఆశీర్వాదం గారికి చెల్లెలు సాయవ్వ వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, నేను వండిపెట్టే హాస్టల్ పిల్లలూ బాగున్నాం. కరీంనగర్‌లో నువ్వూ, నీ బిడ్డ సంతోషమ్మా కుశలమని తలుస్తాను.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది. వానల సంగతి అడిగావు. ముసురు పట్టి వారమైంది, వంటింటి పెంకులు కారుతున్నాయి. నీ ఉత్తరాలు నాకెవరు చదివిపెడుతున్నారని కూడా అడిగావు. ఎవరూ లేరు. నేనే చదువుకుంటున్నాను. ఇది నా చేతిరాతే.

రెండేళ్లుగా ఇక్కడి నర్మద టీచర్ నేర్పుతోంది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక బైబిల్ చేతికిచ్చింది. కథ పుస్తకంలాగా మొదటి పేజీ నుంచి పట్టుకుని, లేవీయకాండంలో బలుల దగ్గర చిక్కుబడ్డాను. ఆమె నవ్వింది. "సాయక్కా, గిది ఒక్క పుస్తకం గాదు. అరువై ఆరు పుస్తకాలున్న అల్మారి" అన్నది. పాత నిబంధనలో ముప్పై తొమ్మిది, కొత్త నిబంధనలో ఇరవై ఏడు. ధర్మశాస్త్రం ఎక్కడ, ప్రవక్తలు ఎక్కడ, సువార్తల వెనుక పత్రికలు, అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాలు, ఎట్లా వస్తాయో వరసగా చెప్పించింది. "పుస్తకం ఊరనుకో, అధ్యాయం వాడ, వచనం ఇల్లు. మూడు తెలిస్తె ఎవర్ని అడగకుండనే పోవచ్చు" అన్నది.

మొన్న నీ ఉత్తరం వచ్చింది. సంతోషమ్మ భర్త పోయి ఏడాది దాటిందనీ, జమ్మికుంట సంబంధం కుదిరిందనీ, నేను వచ్చి దీవించాలనీ రాశావు. మారు పెళ్లి వాక్యానికి విరోధం కాదంటూ, మొదటి కొరింథీయులు ఏడు, ముప్పై తొమ్మిది అని కింద వేశావు.

పత్రికల్లో రోమీయుల తర్వాత వెతికాను. దొరికింది. భర్త బతికున్నంతకాలం భార్య ఆయనకు కట్టుబడి ఉంటుందట. అది సగం. ఆయన చనిపోతే, ప్రభువునందు తనకిష్టమైన వాణ్ని పెళ్లాడే స్వతంత్రం ఆమెకు ఉందట. అది మిగతా సగం.

పదిహేనేళ్ల కింద మా ఆయన కలరాతో పోయాక, మన సంఘపు సమ్మయ్య నన్ను పెళ్లికి అడగడానికి వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. వదిన పోయి అప్పటికి ఆరు నెలలు. సంతోషమ్మకు ఏడేళ్లు. నువ్వు బైబిల్ తెరిచి, వేలు పెట్టి, మొదటి సగమే చదివావు.

"వాక్యం గిట్లున్నది సాయవ్వా. మొగడు పోయినా ఆడిది ఆయనకే కట్టుబడి ఉండాలె. నేనేం జెయ్యను?" అన్నావు.

నాకు చదువు రాదు. నీ వేలిని నమ్మాను. అప్పుడు నా వయసు ఇరవై రెండు. ఇవాళ సంతోషమ్మ వయసూ అంతే.

ఇన్నేళ్లుగా దాచిన మాట ఒకటి చెబుతాను. సమ్మయ్య అంటే నాకు ఇష్టం లేదని ఆనాడు అందరి ముందు చెప్పింది నేనే. అది అబద్ధం. నీకు మాట రాకూడదని చెప్పాను. మూడేళ్లు చూసి ఆయన వేరే పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లిలో పాటలు పాడి వచ్చి, నీ ఇంట్లో రొట్టెలు చేశాను.

"నా బిడ్డకు తల్లి లేదు, ఉండవే" అని అడిగి ఉంటే ఉండిపోయేదాన్ని అన్నా. సంతోషంగా ఉండేదాన్ని. నువ్వు అడగలేదు. దేవుని పేరు చెప్పి కట్టేశావు.

సంతోషమ్మ పెళ్లి జరగాలి. దానిమీద నాకు కోపం లేదు, నేను పెంచిన పిల్ల. కానీ నువ్వు చేసింది నీ నోటితోనే దానికి చెప్పు. చెప్పావని అది తన చేత్తో ఒక్క ముక్క రాసినరోజు బస్సెక్కుతాను.

ఇట్లు,
నీ మాట నమ్మిన చెల్లెలు
సాయవ్వ